సల్ల

మర్రిగూడల బస్సు దిగంగనే
వీపు మీది సంచికి తూలింది పిల్ల.
హిమేనా అంట పేరు.
నోట్ల పట్టక
"ఇమానమ్మా, దా బిడ్డా" అన్నది అమ్మ.
రెండు నెలలుంటదని,
నీళ్ల చదువు చదువుతదని,
దేశం మెక్సికో అని
కాలేజీ సారు చెప్పిపోయిండు.
"గది మాల్‌కు ఇవతల్నా, అవతల్నా?"
అడిగిండు ముత్యాలు తాత.

గడప దాటంగనే
అమ్మ చెంపకు చెంప ఆనిచ్చి
గాలిల ముద్దొకటి ఇడిసింది.
అమ్మ కొయ్యబారింది.
ఆ పూటంతా ఆ చెంపను పైలంగ దాచుకున్నది,
చెమట సుత
రెండో చెంపదే తుడుచుకున్నది.

భాషనా?
నా ఇంటర్ ఇంగ్లీషు సగం, ఆమెది సగం,
రెండు సగాలు కలిపినా ఒకటి కాలే.

మొదటి రాత్రి పప్పుల ఉప్పు తక్కువైంది.
"సల్" అన్నది.
అమ్మ సంబురపడి
పప్పన్నంల సల్ల పోసింది.
గిన్నె దిక్కు చూసింది, అమ్మ దిక్కు చూసింది,
తిన్నది.
మళ్లా "సల్" అన్నది.
అమ్మ మళ్లా పోసింది.
మూడు గంటెల సల్లతోని పండుకున్నది పాపం,
ఉప్పు డబ్బా జానెడు దూరంల ఉండె.

"కూర మంచిగున్నదా?" అంటే
"సీ" అంటది.
అమ్మ మొఖం మాడిపోతది.
మూడు దినాలు మా ఇంట్ల
బీరకాయ సీ, చింతచిగురు సీ,
నాటుకోడి గుడ్డు సుత సీ.
పల్లెం మాత్రం నాకినట్టు ఖాళీ.
నోటితోని తిట్టి కడుపుతోని మెచ్చే పిల్లను
పుట్టి బుద్ధెరిగి చూడలేదన్నది అమ్మ.
నాలుగోనాడు నా ఫోను చెప్పింది,
సీ అంటే ఔను అని.

జొన్నరొట్టె కాడ ఫోను తియ్యలే ఎవ్వరం.
పొయ్యి ముందట కూసొని
అమ్మ అరచేతుల చప్పుడు ఇని
తన చేతులు చాపింది.
అమ్మ ఒక ముద్ద పెట్టింది.
ఆమె తట్టే తీరు వేరు,
దరువు వేరు,
పెనం మీద పడ్డ చందమామ మాత్రం అదే.
"వాళ్లమ్మమ్మ నేర్పిందేమో" అన్నది అమ్మ.
"అబ్వేలా" అన్నదామె, తలూపుకుంట,
ఏమడిగిన్రో తెలువకుండనే.

రాత్రి నిద్ర పట్టక వాకిట్లకొచ్చింది.
"ఆగ్వా" అన్నది.
బిందె చంకల పెట్టుకొని పోతున్న అమ్మ ఆగింది.
"ఏందమ్మా?"
"ఆగ్వా."
"ఆగిన గద బిడ్డా!"
చెంబంత నీళ్లకు
ఇద్దరు ఎంతసేపు నిలబడ్డరో.

ఐదోనాడు దొడ్డెనుక బోరింగు కాడికి పోయింది.
ఎర్ర రంగు కొట్టి
తాగొద్దని రాసిన బోరింగది.
రాత మీది నాచు గీకి
సీసాల నీళ్లు పట్టి మందు చుక్కలేసింది.
ఎర్రగైన నీళ్లు
చూస్తుండంగనే తెల్లబోయినయి.
ఎంత తెల్లబోతే అంత ఇసమంట.
తాత నడుముల విల్లు మోసుకుంట వచ్చి
"సీసా దేనికి? నన్ను చూడు" అన్నడు.

నేను ఇంగ్లీషు వెతుక్కుంటున్న.
ఆమె అప్పటిదాంక పెదవులు మూసే నవ్వేది,
వాళ్ల మర్యాద గంతే అనుకున్న.
తాత ముందట కూలబడి
నోరు తెరిచింది.
ముందరి పండ్ల మీద
జొన్నపొట్టు రంగు గీతలు,
అచ్చం మా అమ్మ పండ్ల మీదివే.
నేల చూపెట్టింది,
తర్వాత ఎక్కడో పడమటి దిక్కు చూపెట్టింది,
మళ్లా నేల.

అమ్మ పెండ్లి ఫోటోల మూతి ముడిచే ఉంటది.
ఆధార్ కార్డుల సుత.
నవ్వొస్తే కొంగు పైకి పోతది,
అది చెయ్యి అలవాటు, అమ్మ అలవాటు కాదు.
ఆనాడు కొంగు జారింది, పట్టుకోలే.
పిల్ల గదమ పట్టుకొని
తన పండ్లు చూపిచ్చి
"నీకంటె నాకే ఎక్కువ" అన్నది,
పందెంల గెలిచినట్టు.
"సీ" అన్నది ఇమానమ్మ.
ఈసారి అమ్మ మొఖం మాడలే.

ఆ రాత్రి ఉప్పు డబ్బా
పల్లెం పక్కనే పెట్టిన.
వేలుతోని అవతలికి జరిపి
గిన్నె చాపింది.
"సల్ల" అన్నది,
రెండు ల లు ఒత్తి.